పిల్లలకు ముందు గద్దను చూపిద్దాం



ఆగస్టులో ఒకరోజు జగ్గయ్యపేట బ్రాంచ్‌లో అసెంబ్లీ జరుగుతోంది. ఏడో తరగతి బాబు ఒకడు మైకు ముందుకొచ్చి ఇంగ్లిష్‌లో తడబడకుండా స్పీచ్ ఇచ్చాడు. గద్ద 70 ఏళ్ళు బతుకుతుందట. 40 ఏళ్ళు వచ్చేసరికి ముక్కు వంగిపోయి, గోళ్ళు పట్టు తప్పి, ఈకలు బరువెక్కి వేటాడలేకపోతుందట. అప్పుడు కొండమీదికి వెళ్ళి ముక్కును రాయికేసి కొట్టి విరగ్గొట్టుకుంటుందట. కొత్త ముక్కు మొలిచాక దాంతో గోళ్ళు పీకేసుకుని, కొత్త గోళ్ళు వచ్చాక వాటితో ఈకలు పీకేసుకుంటుందట. 150 రోజులు ఆ బాధ ఓర్చుకుంటే ఇంకో 30 ఏళ్ళు బతుకుతుందట. కష్టపడితేనే ర్యాంకు వస్తుందని ముగించాడు. అందరం చప్పట్లు కొట్టాం. సైన్స్ చెప్పే నేను కూడా కొట్టాను.

తర్వాత పీరియడ్ నాదే. వెనక బెంచీలో కూర్చునే ఒక పాప చెయ్యెత్తింది. "మేడం, ముక్కు లేకుండా 150 రోజులు ఏం తింటది?"

ఆ ఏడాది మా క్లాసులో నేను విన్న మంచి ప్రశ్న అదే. ఈ కథ మీలో చాలామంది వాట్సాప్‌లో చదివే ఉంటారు. మోటివేషన్ క్లాసుల్లో కూడా చెబుతుంటారు. కానీ ఇందులో నిజం లేదు. గద్ద ముక్కు పైపొర మన గోరు లాంటి పదార్థమే. అది బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటుంది, తినేటప్పుడూ కొమ్మకు రుద్దుకునేటప్పుడూ అరుగుతూనే ఉంటుంది. మొదలంటా విరిగితే మాంసం చీల్చుకోలేక ఆ పక్షి ఆకలితో చచ్చిపోతుంది. ఈకలు ఏటా కొన్ని కొన్నిగా రాలి వాటంతటవే కొత్తవి వస్తాయి. ఇక వయసు సంగతి. అమెరికాలో కాలికి రింగు వేసి వదిలిన బాల్డ్ ఈగిల్స్‌లో అన్నిటికంటే ఎక్కువకాలం బతికినట్టు నమోదైనది 38 ఏళ్ళ పక్షి. 40 ఏళ్ళకు కొత్త జీవితం మొదలుపెట్టే గద్ద ఎక్కడా లేదు.

ఆ బాబును నేను తప్పు పట్టలేదు. వాడికి ఆ స్పీచ్ రాసిచ్చింది ఇంట్లో పెద్దవాళ్ళు. వాళ్ళకు పంపింది ఇంకెవరో. నన్ను ఆలోచింపజేసిన విషయం ఇంకొకటి. గద్ద గురించి అయిదు నిమిషాలు గడగడా మాట్లాడిన ఆ పిల్లవాడి తలమీద, అదే సమయంలో, రెండు గద్దలు తిరుగుతున్నాయి. అసెంబ్లీలో ఒక్కరూ తలెత్తలేదు.

వేటపక్షుల పాఠాన్ని మనం పిల్లలకు ఎలా అందిస్తున్నామో ఈ వ్యాసంలో మాట్లాడదామనుకున్నాను. సిలబస్‌లో దీన్ని ఎడాప్టేషన్స్ అంటాం, తెలుగు మీడియం పుస్తకాల్లో అనుకూలనాలు అంటారు. ఇంట్లో ఈ పక్షి శకునంగా వస్తుంది, వాట్సాప్‌లో నీతికథగా వస్తుంది, స్కూల్లో నాలుగు పాయింట్లుగా వస్తుంది. పక్షిగా మాత్రం ఎక్కడా రాదు. దాన్ని సరిచేయడం టీచర్ ఒక్కరివల్ల అయ్యే పని కాదు, మీ సాయం కావాలి.

ముందు మా తప్పు చెబుతాను. "బర్డ్స్ ఆఫ్ ప్రే ఎడాప్టేషన్స్ చెప్పండి" అంటే మా పిల్లలు మూడు సెకన్లలో చెబుతారు: హుక్డ్ బీక్, షార్ప్ టాలన్స్, కీన్ ఐసైట్, స్ట్రాంగ్ వింగ్స్. ఫార్మేటివ్ పరీక్షలో ఇలా రాస్తే పూర్తి మార్కులు. ప్రాజెక్ట్ వర్క్ అంటే స్టేషనరీ షాపులో చార్ట్ కొనుక్కొచ్చి బాల్డ్ ఈగిల్ బొమ్మ అంటిస్తారు. తెల్లతల ఉన్న ఆ పక్షి అమెరికాది. మన దేశంలో ఉండదు. ఒకరోజు నేను తెలుగులో అడిగాను, "డేగ అంటే ఏంటి?" అని. ఒక అబ్బాయి వెంటనే, "పందెం కోడి మేడం! డేగ, కాకి, నెమలి, పర్ల" అని రంగులన్నీ వరసగా చెప్పాడు. క్లాసంతా నవ్వింది. వాడు చెప్పింది తప్పేం కాదు, సంక్రాంతికి మన దగ్గర వినపడే డేగ అదే. కానీ ఆ కోడికి పేరిచ్చిన పక్షి ఒకటుందని 42 మందిలో ముగ్గురికే తెలుసు.

అందుకని సెప్టెంబరులో ఒక పని మొదలుపెట్టాను. వారానికి ఒకసారి పదిహేను నిమిషాలు ఆరో తరగతినీ ఏడో తరగతినీ డాబా మీదికి తీసుకెళ్ళడం. పుస్తకం వద్దు, పెన్సిలూ నోట్‌బుక్కూ చాలు. ఏ పక్షి కనబడితే దాని తోక, రెక్కలు గీయాలి. అది ఏం చేస్తోందో ఒక్క వాక్యం రాయాలి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు.

మొదటి రోజు వచ్చినవన్నీ మామూలు గద్దలే. మాంసం కొట్ల మీదా, చెత్త వేసే చోటా, హైవే పక్క దాబాల మీదా తిరిగేవి. "మేడం, ఇది రెక్కలు కొట్టట్లేదు, కిందకెందుకు పడట్లేదు?" అని ఒకడు అడిగాడు. ఈ ప్రశ్న పుస్తకంలో లేదు. ఎండకు తారు రోడ్డు, సిమెంటు కప్పులు, రాతినేల త్వరగా వేడెక్కుతాయి. వాటిమీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. వెడల్పు రెక్కలున్న గద్ద ఆ లేచే గాలిలో సుడి తిరుగుతూ లిఫ్ట్ ఎక్కినట్టు పైకి పోతుంది. వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టిన సంగతి ఏమిటంటే, పొద్దున్నే గద్దలు కిందే ఉంటాయి, గోడల మీదా సెల్ టవర్ల మీదా కూర్చుంటాయి. పది దాటాక పైకి లేస్తాయి. వేడిగాలి గురించి ఫిజిక్స్‌లో చదివిన ముక్క అప్పుడు వాళ్ళకు కళ్ళముందు కనబడింది.

మలుపు తిరిగేటప్పుడు గద్ద తోకను అటూ ఇటూ తిప్పుతుంది. ఆ తోక చివర మధ్యలో నొక్కు ఉంటుంది. ఈ గుర్తు తెలిశాక పిల్లలు ఇంక గద్దను ఇంకో పక్షితో పొరబడరు. ఆ తర్వాత వారం నుంచి అది వేరు ఇది వేరు అనడం మొదలుపెట్టారు. అక్కడ నుంచే అసలు పాఠం మొదలైంది.

నేను జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య వారంలో రెండుసార్లు బస్సులో తిరుగుతాను. ఆ దారిలోనే పాఠానికి కావలసిన పక్షులన్నీ ఉన్నాయి. చిల్లకల్లు దాటాక పత్తి చేల మీద కరెంటు తీగలపై తెల్లగా, కాకి కంటే చిన్నగా ఒక పక్షి ఒంటరిగా కూర్చుని ఉంటుంది. భుజాల మీద నల్లమచ్చ, ఎర్రని కళ్ళు. అది నల్లరెక్కల గద్ద. చేను మీద ఒకేచోట రెక్కలు కొడుతూ హెలికాప్టర్‌లా నిలబడి, కింద ఎలుక కదిలితే కాళ్ళు చాచి దిగుతుంది. మామిడి తోటల్లోనూ ఊళ్ళో చింతచెట్ల మధ్యా శిక్రా అనే చిన్న డేగ ఉంటుంది. పావురమంత ఉంటుంది. పొట్టి గుండ్రటి రెక్కలు, పొడుగు తోక. కొమ్మల మధ్య సందుల్లోంచి వేగంగా మలుపులు తిరగడానికి ఆ కొలతలు సరిపోతాయి. ఉడతలు ఒక్కసారిగా గోల పెడితే దగ్గర్లో శిక్రా ఉందేమోనని చూడండి. వేదాద్రిలోనో ముక్త్యాలలోనో కృష్ణ ఒడ్డున నిలబడితే ఇటుకరంగు ఒళ్ళూ తెల్లటి తలా ఉన్న గరుడ పక్షి కనబడొచ్చు. దాని తోక చివర గుండ్రంగా ఉంటుంది. నీటిమీద తేలే చేపను కాళ్ళతో ఎత్తుకుపోతుంది.

నాలుగూ వేటపక్షులే. నాలుగింటికీ వంకర ముక్కుంది, వాడి గోళ్ళున్నాయి. మరి తేడా ఎందుకొచ్చింది? ఏది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది అన్నదాన్నిబట్టి. ఆకాశంలో సుడి తిరిగేదానికి వెడల్పు రెక్కలు, చెట్ల సందుల్లో తిరిగేదానికి పొట్టి రెక్కలు. ఎడాప్టేషన్ అంటే ఈ పోలిక. ఒక్క పక్షికి నాలుగు పాయింట్లు రాయిస్తే ఈ పోలిక ఎప్పటికీ రాదు. నాలుగు పక్షుల్ని పక్కపక్కన పెడితే పిల్లలే చెబుతారు.

ఇంకో పొరపాటు కూడా సరిదిద్దుకోవాలి. "వేటాడటం కోసం గద్ద తన ముక్కును వంచుకుంది" అని రాసే పిల్లలు చాలామంది ఉన్నారు. అసెంబ్లీ కథలో ఉన్నదీ అదే నమ్మకం, పట్టుదల ఉంటే ముక్కు మారిపోతుందని. ఏ పక్షీ తన శరీరాన్ని కావాలని మార్చుకోలేదు. ఒకే గూట్లో పుట్టిన పిల్లల్లో కూడా కొద్దికొద్ది తేడాలుంటాయి. ఆ తేడా వేటకు కాస్త పనికొచ్చిన పక్షి ఎక్కువ తింటుంది, ఎక్కువ పిల్లల్ని పెంచుతుంది. వేల తరాలు గడిచేసరికి ఆ తేడా జాతి మొత్తానికీ వస్తుంది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి జీవపరిణామం భాగాన్ని తీసేసింది. అది లేకపోతే ఎడాప్టేషన్ అనే మాటకు వెనక కారణం ఉండదు. బట్టీ పట్టాల్సిన జాబితా ఒక్కటే మిగులుతుంది. పుస్తకంలో లేకపోయినా ఈ ముక్క పిల్లలకు చెప్పాలన్నది నా అభిప్రాయం.

ఇక మీరు నన్ను అడిగిన ప్రశ్న. పోయిన నెల ఒక తండ్రిగారు మెట్ల దగ్గర ఆపి, "ఏంటి మేడం, ఇంతింత ఫీజులు కట్టేది డాబా మీద గద్దల్ని చూడ్డానికా? ఐఐటీ ఫౌండేషన్‌లో సిలబస్ అవ్వలేదంట" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. మిర్చికి ధర పడిపోయిన ఏడాది కూడా అప్పుచేసి ఫీజు కట్టే ఇళ్ళు ఈ బ్రాంచ్‌లో ఎన్నో ఉన్నాయి. వాళ్ళ డబ్బుకు లెక్క చెప్పాల్సిన బాధ్యత నాది. అందుకే చెబుతున్నాను. డాబా మీదికి వెళ్ళే పదిహేను నిమిషాలు నేను సిలబస్‌లోంచి తీసుకోలేదు. అదే పాఠానికి నోట్స్ చెప్పి రాయించే సమయంలోంచి తీసుకున్నాను. ఇప్పుడు నోట్స్ వాళ్ళే రాసుకుంటున్నారు. ఫౌండేషన్ పేపర్లలో వచ్చే ప్రశ్నలకు బట్టీ పట్టిన జవాబు సరిపోదు, ఎదురుగా ఉన్నదాన్ని చూసి కారణం చెప్పగలగాలి. 150 రోజులు ఏం తింటుందని అడిగిన పాపకు ఆ గుణం ఉంది. ఆ ప్రశ్న అడగడం మేం నేర్పలేదు. ఆ గుణం పోకుండా చూడటమే మా పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ నెలాఖరు పేరెంట్స్ మీటింగ్‌లో ఇది చర్చకు వస్తుంది కాబట్టి నా మాట ముందే చెప్పడం మర్యాద.

నందిగామ బ్రాంచ్ మూడో అంతస్తులో స్టోర్ రూమ్ ఉంది. అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీసేసిన రంధ్రంలోంచి ఒక గుడ్లగూబల జంట లోపలికొచ్చి అటక మీద గూడు పెట్టింది. రాత్రిళ్ళు పైనుంచి గురక వినబడుతోందని వాచ్‌మన్ భయపడి రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆ గురక ఆకలేసిన పిల్లలది. ఇవి తెల్లగుడ్లగూబలు, ఇంగ్లిష్‌లో బార్న్ ఔల్ అంటారు. హృదయం ఆకారంలో తెల్లటి ముఖం. కొన్ని ఊళ్ళలో దీన్ని చావుపిట్ట అంటారు. సంగతి బయటకు తెలిసిన వారంలో అయిదుగురు తల్లిదండ్రులు ఫోన్ చేశారు. "స్కూల్లో గుడ్లగూబ ఏంటండీ, అరిష్టం, వెళ్ళగొట్టించండి" అని. "పిల్లలు పదో తరగతి పరీక్షలు రాసే ఏడాది" అని ఒక అమ్మ ఏడ్చినంత పని చేశారు.

ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. నాకూ ఉండేది. మా నాయనమ్మ గుడ్లగూబ కూత వినబడితే "ఎవరికి మూడిందో" అంటూ తలుపులు వేసేది. నేను అంతకుముందు పనిచేసిన చోట ఇలాగే ఒక జంట చేరింది. ఒక ఆదివారం మనిషిని పిలిపించి రంధ్రం మూయించారు. లోపల పిల్లలున్నాయేమోనని ఎవరూ చూడలేదు. నాలుగు రోజులకు వాసన వస్తే అటక విప్పారు. ఎడాప్టేషన్స్ పాఠం చెప్పే నేను, రంధ్రం మూస్తున్నారని తెలిసి కూడా నోరు మెదపలేదు. మూస్తే మంచిదేనని లోపల అనుకున్నాను కూడా. ఆ పాఠం చెప్పే ప్రతిసారీ అది గుర్తొస్తుంది.

ఒక్కటి ఆలోచించండి. వేదాద్రిలో గరుడ పక్షి కనబడితే చెంపలేసుకుని దణ్ణం పెడతాం. అదీ మాంసం తినే పక్షే, ఇదీ అంతే. పగలు వేటాడేదాన్ని దేవుడి వాహనం అన్నాం, రాత్రి వేటాడేదాన్ని చావుపిట్ట అన్నాం. గుడ్లగూబను లక్ష్మీదేవి వాహనంగా కొలిచేవాళ్ళు ఇదే దేశంలో ఉన్నారు. అలాగని దానికి మేలేం జరగలేదు. దీపావళి ముందు క్షుద్రపూజల కోసం గుడ్లగూబల్ని పట్టి అమ్మే దొంగవ్యాపారం ఉంది. పూజించినా భయపడినా నష్టపోయేది పక్షే.

ఈ పక్షి ఏం చేస్తుందో మా ఏడో తరగతి పిల్లలు స్వయంగా చూశారు. గుడ్లగూబ ఎలుకను మింగి, అరగని బొచ్చునూ ఎముకల్నీ ఉండలా చేసి నోటితో కక్కేస్తుంది. స్టోర్ రూమ్ బయట సన్‌షేడ్ మీద ఆ ఉండలు పడి ఉన్నాయి. గ్లవ్స్, మాస్కులు పెట్టించి, ఉండల్ని వేడినీళ్ళలో నానబెట్టి, పట్టకారుతో విప్పించాను. ఒక్కో ఉండలో రెండేసి, మూడేసి ఎలుక పుర్రెలు. పసుపుపచ్చ పళ్ళతో సహా. మిర్చి, పత్తి పండించే ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలకు అవి ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "మా నాన్న ఎలకల మందుకి ఎంత పెడతాడో!" అన్నాడొకడు. పత్తి చేలల్లో పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేది కూడా ఇందుకే, పక్షి వచ్చి వాలితే పురుగునూ ఎలుకనూ అదే చూసుకుంటుందని. మలేషియాలో పామాయిల్ తోటల రైతులు ఇదే గుడ్లగూబ కోసం తోటలో చెక్కపెట్టెలు కట్టి మరీ పిలుస్తున్నారు.

ఎలుకను అది ఎలా పడుతుందో వింటే పిల్లలు కళ్ళార్పరు. దాని చెవి రంధ్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి ఉంటాయి. అందువల్ల చప్పుడు కుడి ఎడమల్లో ఎక్కడిదో, పైనా కిందా ఎక్కడిదో కూడా తెలుస్తుంది. ఆ గుండ్రటి ముఖం డిష్ యాంటెన్నాలా చప్పుడును చెవులకు చేరుస్తుంది. చిమ్మచీకట్లో విని పట్టగలదు. రెక్క ముందు అంచున ఈకలకు దువ్వెన పళ్ళ లాంటి అంచు ఉంటుంది, అందుకే ఎగిరితే చప్పుడుండదు. కనుగుడ్లు కదలవు కాబట్టి మెడనే ఒక పక్కకు 270 డిగ్రీల దాకా తిప్పుతుంది. మన మెడలో ఏడు ఎముకలుంటే దానికి పద్నాలుగు. మనం దెయ్యం లక్షణాలనుకున్నవి, చప్పుడు లేకుండా రావడం, తల వెనక్కి తిరగడం, అన్నీ ఎలుకను పట్టే పనిముట్లే. ఎడాప్టేషన్స్ మీద ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

చూడకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. దసరాకు ముందు మీటింగ్‌కు పెనుగంచిప్రోలు వైపు నుంచి ఒక పాప తాతయ్య వచ్చారు. "మా చిన్నప్పుడు గొడ్డు చచ్చిపోతే ఊరి బయట పడేసేవాళ్ళం. తెల్లారేసరికి ఎముకలే మిగిలేవి, అన్ని రాబందులు దిగేవి" అన్నారు. పక్కనున్న మనవరాలు, "తాతయ్యా, రాబందు అంటే ఎట్టుంటది?" అని అడిగింది. ఒక తరం రోజూ చూసిన పక్షి, ఆ ఇంట్లోనే మూడో తరానికి తెలియదు. పశువులకు నొప్పులు తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే మందు ఆ కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి వెళ్ళి మూత్రపిండాల్ని పాడుచేసింది. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. కారణం 2004లో బయటపడింది, 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. అప్పటికే ఆలస్యమైంది. ఇప్పుడు తెలంగాణలో బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద కొన్ని రాబందులు గూళ్ళు పెడితే అది పేపర్లో వార్త.

"రాబందులు పోతే మనకేంటి?" అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. రాబందులు లేకపోతే కళేబరాలు కుళ్ళుతాయి, వాటిని తినే వీధికుక్కలు పెరుగుతాయి, నీళ్ళు పాడవుతాయి, రేబిస్ పెరుగుతుంది. షికాగో, వార్విక్ యూనివర్సిటీల ఆర్థికవేత్తలు ఇద్దరు లెక్కవేసి 2024లో ప్రచురించారు. రాబందులు పోవడంవల్ల 2000 నుంచి 2005 దాకా మన దేశంలో అదనంగా దాదాపు 5 లక్షల మంది మనుషులు చనిపోయి ఉంటారని వాళ్ళ అంచనా. చావును తెచ్చే పక్షి అని మనం తిట్టుకున్న రాబందు నిజానికి మన చావుల్ని ఆపుతూ వచ్చింది.

పిల్లలకు చెబితే ఏం మారుతుందని అనుకోవద్దు. నాగాలాండ్‌లో దొయాంగ్ జలాశయం దగ్గర 2012 దాకా అమూర్ డేగల్ని వలలు పెట్టి వేలకు వేలు పట్టి చంపేవాళ్ళు. ఆ ఏడాది ఫోటోలు బయటకొచ్చాక అక్కడి ఊరి పెద్దలు, చర్చి, అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి కూర్చున్నారు. పిల్లల కోసం ఊళ్ళలో ఎకో క్లబ్బులు పెట్టారు. 2013లో వేట ఆగింది. ఆ ఏడాదే మూడు డేగలకు శాటిలైట్ ట్యాగ్‌లు కట్టి వదిలితే అవి బంగాళాఖాతం దాటి, ఆంధ్ర మీదుగా, అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా చేరాయి. పావురం కంటే చిన్న పక్షులు మన నెత్తిమీదుగా వెళ్ళాయి, మనకు తెలియలేదు. అక్కడ మారినవాళ్ళు చదువుకున్న నిపుణులు కారు, అవే వలలు పెట్టిన ఇళ్ళవాళ్ళు.

మీటింగ్‌లో నేను అడగబోయేది ఇది. అటక మీది పిల్లలు ఎగరడానికి పుట్టిన దగ్గర్నుంచి సుమారు రెండు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ రంధ్రం మూయవద్దు. స్టోర్ రూమ్ తాళం వేసే ఉంటుంది, పిల్లలెవరూ లోపలికి వెళ్ళరు. వాసన, రెట్టల గురించి మీ ఆందోళన సబబే, కాబట్టి కింద వరండాను రోజూ కడిగిస్తామని ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. అవి ఎగిరిపోయాక రంధ్రం మూసేద్దాం, బదులుగా వెనక గోడకు బయటినుంచి ఒక చెక్కపెట్టె బిగిద్దాం. వస్తే వస్తాయి, లేకపోతే లేదు. గుడ్లగూబల్ని పట్టడం, చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్నది కూడా మనం మరిచిపోకూడదు. కానీ చట్టానికి భయపడి మీరు ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఒక రాత్రి ఏడున్నరకు గేటు బయట నిలబడి, తల్లిపక్షి ఎలుకను పట్టుకుని రావడం మీరు మీ పిల్లలతో కలిసి ఒకసారి చూడండి. చూశాక కూడా వెళ్ళగొట్టమంటే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంట్లో చేయగలిగినవి చిన్న పనులే. ఈ ఆదివారం మాంసం కొట్టు దగ్గర లైన్లో నిలబడ్డప్పుడు, పక్కన ఉన్న పిల్లవాడికి ఫోన్ ఇవ్వకుండా పైకి చూపించండి. తోక నొక్కుందా, గుండ్రంగా ఉందా అని అడగండి. మీకు తెలియకపోతే తెలియదని చెప్పండి, ఇద్దరూ కలిసి చూడండి. సంక్రాంతికి గాలిపటం కొనేటప్పుడు చైనా మాంజా వద్దనండి. 2017లోనే నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్ దేశమంతా దాన్ని నిషేధించింది. మనుషుల గొంతులతో పాటు గద్దల రెక్కలూ దాంతో తెగుతున్నాయి. ఎలుకల మందు తిని తూలుతున్న ఎలుకను గుడ్లగూబ తింటే ఆ మందు దాని ఒంట్లోకీ చేరుతుంది, అందుకని మందు పెట్టినచోట చచ్చిన ఎలుకల్ని తీసి పాతిపెట్టమని ఊళ్ళో పెద్దవాళ్ళకు చెప్పండి. గూటిలోంచి పడ్డ పిల్లపక్షిని పెంచుకుందామని పిల్లలు ఇంటికి తెస్తే, దొరికినచోటే ఎత్తుమీద పెట్టించి దూరంగా రండి. తల్లి వస్తుంది. గాయపడితే అటవీ శాఖకు ఫోన్ చేయండి.

చివరగా, వాట్సాప్‌లో ముక్కు విరగ్గొట్టుకునే గద్ద కథ మళ్ళీ వస్తే, పంపించే ముందు మీ పిల్లలకు చదివి వినిపించండి. 150 రోజులు అది ఏం తింటుందని వాళ్ళు అడుగుతారో లేదో చూడండి. అడిగితే, ఆ సంగతి డైరీలో ఒక్క లైను రాసి నాకు పంపండి.

సైన్స్ టీచర్,
జగ్గయ్యపేట, నందిగామ బ్రాంచ్‌లు